సింగడి గూట్లో రహస్యం

బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లే రోజులవి. ముసలి గిజిగాడు చెప్పిన పాఠమంతా కుర్ర గిజిగాడు పుల్లయ్యకు కంఠతా వచ్చు. అయినా వాడు అల్లిన ప్రతి గూడూ గాలికి జారి నీళ్ళలో పడేది. పాఠం సగం కూడా వినని తోటి గిజిగాడు సింగడి గూడు మాత్రం గాలివానకూ చెక్కుచెదరలేదు. పుల్లయ్యకు కడుపు రగిలిపోయింది.

"ముసలాడు వీడికి చాటుగా వేరే ముడేదో నేర్పాడు" అనుకున్నాడు.

సింగడు మేతకు వెళ్ళగానే ఆ గూటి మీద పడ్డాడు. ఒక్కో గడ్డిపోచనూ ముక్కుతో లాగి విప్పాడు. తీరా చూస్తే అన్నీ తనకు తెలిసిన ముడులే! కానీ పోచ ఎక్కడ బిగుస్తుందో, ఎటు లాగితే వదులవుతుందో ముక్కుకు మెల్లగా తెలిసొచ్చింది. ఆఖరి ముడి ఊడేసరికి సింగడు ఎదురుగా వచ్చి వాలాడు. పుల్లయ్య ముక్కులోని పోచ వదిలేశాడు.

"ఎన్నో ముడి దగ్గర అర్థమైంది, అన్నా?" అన్నాడు సింగడు నవ్వుతూ. "పాఠం చెప్పిన తాత గూడు విప్పినప్పుడు నాకు నాలుగో ముడికే తెలిసిపోయింది."

నాలుగో ముడికే! పుల్లయ్య కడుపు మళ్ళీ మండింది.

మర్నాడు పుల్లయ్య అల్లిన గూడూ గాలికి నిలిచింది. ఎవడొచ్చి విప్పేస్తాడోనని వాడు మేతకైనా వెళ్ళకుండా దాని గుమ్మంలోనే కాపలా కూర్చున్నాడు.