అక్షింతల పురుగు పిల్ల

వైద్యుడి పెరట్లో మందు కోసం పెంచే గంజాయి మొక్కకు పేనుబంక పట్టింది. ఆ సన్నపురుగులు రసం పీల్చేస్తుంటే చిగుళ్లు ముడుచుకుపోయాయి. అవి వదిలే తీపి బంక కోసం ఒక చీమ పొద్దస్తమానం కొమ్మల మీదే తిరిగేది.

"భయపడకు వదినా, కాపలాకి నేనున్నాగా!" అనేది. మొక్క నమ్మింది.

ఒకనాడు నల్లగా, ఒళ్లంతా ముళ్లతో ఉన్న పురుగు పిల్ల ఒకటి కాండం ఎక్కింది.

"దొంగమొహంది! తోసెయ్యనా?" అంది చీమ.

"తోసెయ్!" అంది మొక్క.

పిల్ల ఆకు అంచు పట్టుకుని వేలాడింది. "అమ్మా, నీ పేరు వింటేనే జనం మొహం తిప్పుకుంటారే, నువ్వు కూడా నా మొహమే చూశావా? నేను తినేది నీ ఆకుల్ని కాదు, పేనుబంకని."

"అమ్మో, అది తినేస్తే నా తీపి మాటేమిటి?" అని నోరు జారింది చీమ.

"ఓహో, నువ్వు కాపలా కాసింది నన్ను కాదన్నమాట!" అంది మొక్క. "దిగు కిందికి. నువ్వు రావే పిల్లా."

కొన్నాళ్లకు మొక్క కొత్త చిగురు తొడిగింది. దాని మీద నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగొకటి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"నువ్వేనా? ఇంత అందం ఎక్కడ దాచావే?" అంది మొక్క.

"దాచలేదమ్మా, నువ్వు పెరగనిచ్చావు."