ఫలకికా నవ్వు

టోంగా దీవుల్లో నెలకోసారి ఫలకికా కాన్వెంటుకు వెళ్లి, తన ప్రార్థన ఎలా సాగుతోందో సిస్టర్ సెసిలియాకు చెప్పుకుంటుంది. ఈసారి చాప మీద కూర్చుంటూనే లబోదిబోమంది.

“సిస్టరమ్మా, ప్రార్థనకు కూర్చుంటే నవ్వొస్తోంది! నిన్న చర్చిలో అందరూ మోకాళ్ల మీద ఉంటే నేను పకపకా నవ్వేశాను. మొగుడు పోయాక దీనికి మతి పోయిందంటున్నారు.”

“నవ్వేటప్పుడు నీతో ఎవరుంటారు?”

“ఇంకెవరు? ఆయనే!”

“మీ ఆయనా?”

“అయ్యో, కాదు! దేవుడు. మా ఆయన బతికుండగా ఒక్క పూటైనా నవ్వించాడా?” అంటూనే ఫలకికా మళ్లీ కిసుక్కుమని నోరు మూసుకుంది.

సిస్టర్ నవ్వలేదు. ఇక రావద్దంటుందేమోనని ఫలకికా బిక్కచచ్చిపోయింది.

“నలభై ఏళ్లుగా అందరికీ దారి చెబుతున్నా,” అంది సిస్టర్ చివరికి. “పదకొండేళ్లయింది ఫలకికా, నేను ప్రార్థనకు కూర్చుంటే అక్కడ ఎవరూ ఉండటం లేదు. కాస్త జరుగు. నీ పక్కన కూర్చుంటా.”

ఫలకికా జరిగింది.

భోజనాల గంట మోగినా ఇద్దరూ రాలేదు. మిగతా సిస్టర్లు వచ్చి తొంగిచూస్తే, సెసిలియా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.