రాజుగారి బుధవారాలు

"మంటలార్పే బండి ఏదీ?" ఖాళీగా ఉన్న షెడ్డు కేసి చూస్తూ అడిగారు రాజుగారు.

"రేవుకి వెళ్ళింది ప్రభూ. పంచదార గోదాములో మంటలు ఇంకా ఆరలేదు," అన్నాడు స్టేషన్ అధికారి హిబర్ట్.

జర్మన్లు తన దేశాన్ని ఆక్రమించుకున్నాక ఎవాల్డ్ రాజుగారు లండన్ చేరారు. రాణి పోయి చాలా కాలమైంది. వెంట వచ్చిన మంత్రులు తలో దారీ చూసుకున్నారు. హోటల్ గదిలో ఇప్పుడు ఆయనా, ఆయన పతకాలూ. బుధవారం వస్తే ఆ పతకాలు పెట్టుకుని, బస్సెక్కి ఈ ఫైర్ స్టేషన్‌కి వస్తారు, బాంబు మంటలతో పోరాడేవాళ్ళకి ధైర్యం చెప్పడానికి. ఎవరూ పిలవలేదు. తనే వచ్చి తలుపు తట్టారు మొదటిసారి.

వరుసలో నిలబడ్డ ఒక్కొక్కరితోనూ చెయ్యి కలుపుతూ వచ్చి ట్రాంటర్ దగ్గర ఆగారు. అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కన పీబడీ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, ఆవులింతని దవడల మధ్యే నొక్కేస్తున్నాడు.

"నిద్ర లేదా బాబూ?"

"రాత్రంతా రేవులోనే ఉన్నాం ప్రభూ."

రాజుగారి మొహం చిన్నబోయింది. "ఇంత అలసిపోయినవాళ్ళని నిలబెట్టేస్తున్నాను. ముసలివాడి చాదస్తం. వచ్చేవారం నుంచి రానులెండి."

వంటమనిషి డాలీ టీ పట్టుకుని గబగబా వచ్చింది.

"బావుంది అయ్యగారూ! మీరు మానేస్తే వీళ్ళు మనుషుల్లా ఉంటారా? మీరొస్తారనే కదా ఈ పీబడీ గడ్డం గీసుకునేది!"

"వీడి స్నానం మాత్రం మిమ్మల్ని మీ దేశానికి పంపించాకేనట ప్రభూ," అన్నాడు ట్రాంటర్.

అందరూ గొల్లుమన్నారు. రాజుగారూ నవ్వారు. నవ్వు ఆగాక మెల్లగా అడిగారు, "నిజం చెప్పండి. నేను రావడం వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?"

ట్రాంటర్ కుర్చీ లాగి వేశాడు. "ముందు కూర్చోండి. మీ సరస్సు గడ్డకట్టడం గురించి పోయినసారి సగంలో ఆపేశారు."

రాజుగారు కూర్చున్నారు. ఆ మంచు మీద రాణి నలభయ్యేళ్ళ వయసులో జారుడాట నేర్చుకోవడం, పడ్డప్పుడల్లా లేవకుండా అక్కడే కూర్చుని నవ్వడం చెప్పారు. ఆమె గురించి మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. టీ చల్లారిపోయింది.

వెళ్ళేటప్పుడు అన్నారు, "ధైర్యం వదలకండి."

"మీరు వస్తూ ఉండండి, మేం వదలం," అన్నాడు పీబడీ.

బస్సు కిటికీలోంచి పొగ పట్టిన ఇళ్ళని చూస్తూ రాజుగారు నిటారుగా కూర్చున్నారు. పాపం, వీళ్ళకి నేను కావాలి అనుకున్నారు.

బస్సు మలుపు తిరిగేదాకా అందరూ గుమ్మంలోనే నిలబడి చేతులూపారు.

"మీరంతా వచ్చేవారం కూడా వస్తారర్రా?" అడిగాడు హిబర్ట్.

"రాకపోతే ఎలా సార్!" అన్నాడు ట్రాంటర్, ఇంటికెళ్ళడానికి కోటు తొడుక్కుంటూ.

బుధవారాలు వాళ్ళకి సెలవు.