చలిదేశాల్లో ఆట

“ఒదినెకు ఇప్పుడే తెల్వొద్దు మేడం,” అన్నాడు లింగ్యా.

తారమ్మ అతని వంక అదోలా చూసింది. ఆటగాళ్ళ జట్టును హైదరాబాదు నుంచి డెన్మార్కు తీసుకొచ్చిన మనిషి ఆమె. ఇంటి నుంచి ఫోను ఆమెకే వచ్చింది. మోతె దగ్గరి తండాలో లింగ్యా అన్న కిష్ట్యా చనిపోయాడు. దహనం కూడా అయిపోయిందట.

“మీ ఇంటి సంగతి. చెప్పాల్సింది మీరే,” అని తారమ్మ వెళ్ళిపోయింది.

లింగ్యా హోటల్ మెట్ల మీద కూలబడి కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కున్నాడు.

ఈ ప్రయాణం కోసం ఆ కుటుంబం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. చలిదేశాల జాతరల్లో లంబాడీ ఆట ఆడాలని పిలుపొచ్చిన నాటి నుంచి లింగ్యాకు కంటి మీద కునుకు లేదు. పాస్‌పోర్టుల కోసం సూర్యాపేటకూ హైదరాబాదుకూ చెప్పులరిగేలా తిరిగాడు. భార్య నీలా జొన్నపిండి, కారం మూటలు కట్టింది. ఒదినె గౌరీబాయి అందరి లంగాలకూ అద్దాలు కుట్టింది. అన్న ఒక్కడే దగ్గుతో మంచం దిగలేకపోయాడు.

“నాకేం గాదు. మీరు పోయి రాండ్రి,” అని సాగనంపాడు.

పాట గౌరీబాయిది. ఆమె గొంతెత్తితేనే మిగతావాళ్ళ కాళ్ళు కదులుతాయి. మొగుడు పోయిన మనిషి భుజం దాకా ఉన్న తెల్ల గాజులు తీసెయ్యాలి, చెంపల పక్కన వేలాడే వెండి గుత్తులు విప్పెయ్యాలి. ఇక ఆట ఎక్కడిది? అందరూ తిరుగు విమానం ఎక్కాల్సిందే. వాళ్ళ ఇంట్లో చావు కబురు పెద్ద మగాడే చెప్పాలి. అతను చెప్పాకే ఏడుపు. అన్న తర్వాత పెద్ద తనే. చెప్పాల్సినవాడు నోరు మూసుకుంటే గాజులుంటాయి, ఆటా ఉంటుంది. పాపం నా ఒక్కడికే తగలనీ అనుకున్నాడు, ఎంత త్యాగమో!

స్వీడన్‌లో గౌరీబాయి అడిగింది. “లింగ్యా, మీ అన్న ముచ్చట ఏమన్న తెల్సిందా?”

“మంచిగనే ఉన్నడంట ఒదినె. దగ్గు గూడ తగ్గిందంట.”

“అంతేనా?”

“అంతే.”

ఆ సాయంత్రం ఆమె పాడుతుంటే తెల్లవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నీలా మురిసిపోయింది. లింగ్యా నగారా వాయిస్తూ తల ఎత్తలేకపోయాడు.

నార్వేలో పడవ మీద గౌరీబాయి మళ్ళీ అడిగింది. కొండల మధ్య నల్లటి నీళ్ళను చూసి, వెంట వచ్చిన లింగ్యా పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అబద్ధం మొదలుపెట్టినవాడికి ఆపడం చేతకాదు. అన్న లేచి గొర్రెల వెంట పోతున్నాడని కూడా చెప్పేశాడు. ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

ఫిన్లాండు చలికి ఆమె చేతులు వాచాయి. గాజులు ఒరుసుకుంటున్నాయని ఒకటి తీయబోయింది. లింగ్యా గబుక్కున అడ్డం వచ్చాడు.

“తియ్యకు ఒదినె!”

“ఎందుకు తియ్యొద్దు? చెప్పు లింగ్యా.”

“అన్న ఉండంగ గట్ల తియ్యొచ్చునా?”

గౌరీబాయి గాజు వెనక్కి తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లింగ్యా తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడ్డాడు.

ఆట ముగిసింది. విమానం దిగి, బస్సెక్కి సూర్యాపేట చేరారు. ఇక తండా ఎంతో దూరం లేదు, దాచడానికి దారీ లేదు. నీలానూ పిల్లలనూ చాయ్ హోటల్‌కు పంపి, బస్టాండు బల్ల మీద ఒదినెను కూర్చోబెట్టాడు. ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

“అన్న లేడు ఒదినె. మనం డెన్మార్కుల ఉన్నప్పుడే పోయిండు. నీకు చెప్తే అందరి ఆశ ఖతమైతదని కడుపుల దాసుకున్న. నన్ను కొట్టు, తిట్టు.”

గౌరీబాయి కొట్టలేదు, తిట్టలేదు. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“తారమ్మ ముందుగాల చెప్పింది నాకే, ఆమెను నీ తానికి తోలింది గూడ నేనే లింగ్యా, నీ నోటెంట ఆ మాటొస్తే ఏడుద్దామని దేశం దేశం నిన్ను అడుగుకుంట తిరిగిన.”