గాలి మూత

జానకంపేట రైలు గేటు పడింది.

ఏసుదానం కారు ఆపి, కూతురికి వేడి నీళ్లు పట్టుకురావడానికి పక్కనున్న చాయ్ హోటల్‌కు పోయాడు.

తిరిగొచ్చేసరికి ఎవడో బక్క మనిషి ముందు తలుపు తీసి, డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. వెనక సీట్లో రూతు ఒక్కతే ఉంది.

ఏసుదానానికి ఒళ్లు మండింది.

"ఏయ్! ఎవన్రా నువ్వు? నా కార్ల నీకేం పని?"

ఆ మనిషి ఉలిక్కిపడి చెయ్యి బయటికి తీశాడు. గడ్డం మాసిపోయి ఉంది. భుజాన గుడ్డసంచి.

"కోపం జెయ్యకన్నా. గీ గాలి మూత బందు జేస్తున్న. పిల్లకు దమ్ము రోగమున్నట్టుంది గదా."

"ఉంటే?"

"ఫ్యాక్టరీ నడిచే దినాలాయె. గాలి నిండ చెరుకు పిప్పి దుమ్మే. మూత తీస్తే అంతా లోపలికే వస్తది."

ఏసుదానానికి ఇంకా మండింది. తన కారు సంగతి తనకే చెబుతాడా!

డ్యాష్‌బోర్డు కింద చిన్న పిడి ఉంటుంది. దాన్ని లాగితే మూత తెరుచుకొని బయటి గాలి లోపలికి వస్తుంది. దుమ్ము రాకుండా అద్దాలన్నీ బిగించి, పిల్లకు గాలి ఆడాలని ఏసుదానం ఆ పిడి లాగి పెడతాడు.

బోధన్‌లో చెరుకు ఆడడం మొదలైతే చాలు, రూతు ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. బస్సులో నిజామాబాద్ దవాఖానకు చేరేసరికి పిల్ల పెదవులు నల్లబడిపోయేవి. అది చూడలేకే ఈ పాత కారు కొన్నాడు. బేరగాడి చేతుల మీదుగా కొన్నాడు, అంతకుముందు ఎవరిదో కూడా అడగలేదు.

"దమ్మున్న పిల్లకు గాలి బందు జెయ్యాల్నా? దిమాక్ ఖరాబైందా నీకు?"

ఆ మనిషి గబగబా సంచి విప్పాడు. లోపలి నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో మందపాటి కాగితం మడతలు మడతలుగా కూర్చి ఉంది.

"కొత్త కార్లకు గిట్ల ఫిల్టర్ వస్తదట. హైదరాబాద్ పోయి తెచ్చిన. దీని కొలతకే డబ్బా కొట్టించిన. మూత కాడ పెడితే దుమ్ము గీండ్లనే ఆగుతది, మంచి గాలి పిల్లకు పోతది. జరసేపు ఆగితే ఇక్కడ్నే బిగిస్త."

ఏసుదానం చూపు ఆ డబ్బా మీద ఆగింది.

"దీని కొలతనా? నా కారు కొలత నీకెట్ల దెల్సు?"

ఆ మనిషి నోరు తెరిచాడు. వెనక సీటు వైపు చూశాడు. రూతు ఆయన్నే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"చెప్పు! ఎప్పుడు తాళం తీసినవ్? ఏమేం కొట్టేసినవ్?"

"దొంగను గాదన్నా..."

"మరెట్ల దెల్సు?"

ఏసుదానం అతని చెంప పగలగొట్టాడు. డబ్బా ఎగిరి రోడ్డు మీద పడింది.

"కొట్టకు బాపూ..." రూతు ఏడుపు అందుకుంది.

రైలు పోయింది. గేటు లేచింది. ఏసుదానం కారెక్కి, మూసి ఉన్న పిడిని మళ్లీ లాగాడు.

ఆ మనిషి కారు వెంట పరుగెత్తాడు. "అన్నా, మూసెయ్యి! నీ కాల్మొక్త, మూసెయ్యి!"

ఏసుదానం వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం, రూతుకు ఊపిరి పట్టేసింది.

వెనక సీట్లో తల్లి శారమ్మ బిడ్డ తలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. రోడ్డు మీద ముందంతా పిప్పి లారీలే. పైన కప్పిన గుడ్డయినా లేదు. దాటిపోదామంటే సందు లేదు. ఎంత హారన్ కొట్టినా ఒక్కడూ పక్కకు జరగడు.

"గాలి... బాపూ, గాలి..."

"తీస్తున్న బిడ్డా, తీస్తున్న."

ఏసుదానం పిడిని గుంజాడు. శారమ్మ కొంగుతో బిడ్డ మొహం తుడుస్తోంది. తుడిచినకొద్దీ మళ్లీ సన్నటి దుమ్ము వాలుతోంది.

"ఇంకింత తియ్యయ్యా! బిడ్డకు ఆడతలేదు."

"ఆఖరుదాకా తీసిన!"

నిజామాబాద్ పొలిమేరకు వచ్చేసరికి శారమ్మ తుడవడం ఆపేసింది.

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చాక ఏసుదానం ఆ కారులో కూర్చోలేకపోయాడు. పక్కింటివాడి చేత నడిపించి, బోధన్‌లో మెకానిక్ దశరథం షెడ్డుకు తెచ్చాడు.

"అమ్మెయ్యన్నా. మళ్లా నా కండ్ల పడనియ్యకు."

దశరథం లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చాడు. దాని మూల సొట్టపడి ఉంది.

ఏసుదానం గుర్తుపట్టాడు. "గిది... నీ కాడికెట్ల వచ్చింది?"

"లింబయ్య ఇచ్చిపోయిండు. నువ్వొస్తే ఎట్లయిన బిగియ్యుమని నా చేతులు పట్టుకున్నడు. నీకు కబురు గూడ పంపితి, రాకపోతివి."

కబురు అందింది. బండి బాగానే ఉంది కదా, తీరిగ్గా పోదామనుకున్నాడు.

"ఏ లింబయ్య?"

"నీ కన్న ముందు గీ కారు ఆయనదే. ఆయన కొడుకు గీ వెనక సీట్లనే పోయిండు, గసుంటి దమ్ముతోనే. తర్వాత మూత ఇప్పి చూస్తే లోపలంత పిప్పే. చూడలేక కారు అమ్ముకున్నడు. మళ్లా అండ్ల చిన్నపిల్ల పోతుందని కండ్ల పడ్డ కాడ్నుంచి ఆయనకు కుదురు లేదు."

"గేటు కాడ గా ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదన్నా!"

"పిల్ల ఇంటుంటే ఎట్ల చెప్తడు?"

ఏసుదానం కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

దశరథం గొంతు తగ్గించాడు.

"ఎవలకు చెప్పుకోలేదు, నా ముంగట ఏడ్చిండు. గాలి ఆడతలేదు బాపూ అని కొడుకు అంటే, గా పిడి ఆఖరుదాకా గుంజింది ఆయన చెయ్యేనట."