దొరికిన గుంటల పీట

ధర్మవరంలో రైలెక్కే ముందే సాయిసుధ గట్టిగా అనుకుంది. ఈరోజు చెప్పేయాలి.

ఎక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెనుకొండ కొండ కనిపించింది, వెనక్కి పోయింది. ఎదురు సీట్లో ఉమాశంకర్ ఒళ్లో తన తోలు సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈసారన్నా దొరుకుతాదంటావా సుధా?"

ప్రతి ఏడూ బయల్దేరేటప్పుడు భర్త అడిగే మాటే. ప్రతి ఏడూ ఆ పూట ఆమెకు ముద్ద దిగదు.

ఉమాశంకర్ పట్టుచీరలు నేస్తాడు. పాత ఆటసామాన్లు సేకరిస్తాడు. బెంగళూరు, మైసూరు, చెన్నై, ఆటల కన్వెన్షన్ ఎక్కడ జరిగినా మగ్గం ఆపి వెళతాడు. పులిజూదం పలకలు, పచ్చీసు గుడ్డలు, ఎముక పాచికలు తెచ్చి తెచ్చి ఒక గది నింపాడు. "మీ ఆయన నేసేది తక్కువ, ఆడుకునేది ఎక్కువ" అని పక్కింటి వెంకటక్క ఎత్తిపొడుస్తుంది.

ఆ పిచ్చి ఎక్కడ మొదలైందో సాయిసుధకు తెలుసు.

అతని తల్లి కదిరమ్మకు ఒక వామనగుంటల పీట ఉండేది. రెండు పలకలు, మధ్యలో ఇత్తడి బందు. తెరిస్తే రెండు వరుసల గుంటలు. మూస్తే మామూలు చెక్క. ఆ గుంటల్లో చింతపిక్కలు వేయిస్తూనే కొడుక్కి లెక్కలు నేర్పింది. అతని పెళ్లి చూడకుండానే పోయింది.

సాయిసుధ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో గుంటమగ్గం తీసేసి కొత్త మగ్గం వేయించారు. పాత మగ్గం చెక్కలు పెరట్లో కుప్ప పోశారు. వాళ్ల వీధిలో పనికిరాని మగ్గం చెక్క ఏదైనా నీళ్లపొయ్యిలోకే పోతుంది. ఒక ఉదయం ఉమాశంకర్ తల్లి పీటకు నూనె రాసి, ఎండ తగలాలని ఆ కుప్ప మీద పెట్టాడు. ఆమెకది తెలియదు. అతని తలంటుకు నీళ్లు కాచాలి. చేతికి అందింది అందినట్టు పొయ్యిలోకి తోసింది.

మంటలో ఒక చెక్క పుస్తకంలా విచ్చుకుంది. రెండు వరుసల గుంటలు. గుంట గుంటలోనూ నిప్పు.

ఆ నీళ్లతోనే అతనికి తలంటు పోసింది. ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బూడిద జల్లించింది, ఇత్తడి బందయినా మిగిలిందేమోనని. దొరకలేదు. కరిగిపోయిందేమో అనుకుంది.

"పీట యాడ పెట్టినానో గుర్తే ల్యా. పాతసామాన్లోడు ఎత్తుకపోయినట్లుండాడు" అన్నాడు ఉమాశంకర్ ఆ సాయంత్రం.

"ఏమో" అంది.

"పోనీలే. ఎప్పుడో ఒకప్పుడు యాడన్నా తేలుతాది."

ఆ "ఏమో" ఇన్నేళ్లూ ఆమె గొంతులో ముల్లయి కూర్చుంది. ఈ ఏడు కన్వెన్షన్ హిందూపురంలోనే అనగానే, నేనూ వస్తానంది.

కల్యాణమండపం కిటకిటలాడుతోంది. పెద్ద హాల్లో బెంగళూరు కుర్రకారు కార్డులూ పాచికలూ వేసుకుని కేకలు పెడుతున్నారు. పాతవి సేకరించేవాళ్లకు భోజనాల గదిలో బల్లలు వేశారు. మడకశిర బసవరాజు వాళ్లను చూడగానే చెయ్యూపాడు.

"రా ఉమా! ఏమ్మా, నువ్వూ వస్తివా? ఇంట్లో ఉండే సంత చాల్లేదా?"

సాయిసుధ నవ్వలేకపోయింది.

ఉమాశంకర్ బల్ల బల్ల దగ్గరా ఆగాడు. సంచిలోంచి భూతద్దం తీశాడు, టేపు తీశాడు. ఒక్కో పీటా కొలిచాడు, తిప్పి చూశాడు. కాదన్నట్టు తల ఊపుతూ ప్రతిసారీ ఆమె వైపే చూశాడు. ఆ చూపు ఆమెకు వాతలా తగిలింది. లేనిదాని కోసం మనిషి ఇంకా ఎన్ని ఊళ్లు తిరగాలి?

అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏమండీ, మీకొక మాట చెప్పల్ల."

"ఏంది?"

"ఆ పీట... మీరెంత ఎతికినా అది..." కళ్లు నిండాయి. "ఆ పొద్దు నేను..."

"ఉండుండు!"

ఉమాశంకర్ గబుక్కున బసవరాజు బల్ల మీదికి వంగాడు. అడుగున ఉన్న పీటనొకదాన్ని లాగాడు. ఇంకా తెరవనైనా లేదు.

"ఇదే! సుధా, మాయమ్మ పీట ఇదే!"

బసవరాజు తెల్లబోయాడు. "ఏమప్పా, అది నేను శిరా సంతలో కొన్నిందప్పా. మీయమ్మది ఎట్లయితాది?"

"తిరిగి తిరిగి ఆడికి చేరింటాది. ఈ గీత చూడు, చిన్నప్పుడు నేను గీసిందే!"

అరుస్తున్నాడు, నవ్వుతున్నాడు. పక్క బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు. సాయిసుధ అతని మొహంకేసి చూసింది. చెబితే ఆ మొహంలో వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే ఎవరిదో చెక్కను పట్టుకుని బతికినన్నాళ్లూ అమ్మా అనుకుంటాడు.

"ఏమో చెప్పల్లంటివే?"

"ఏం లేదండీ."

"ఇంగ ఎతికే పని ల్యా. దొరికింది కదా. నువ్వు నిమ్మళంగా ఉండు."

తిరుగు రైల్లో పీటను ఆమె ఒళ్లోనే పెట్టాడు. "ఇంట్లో నీ చేత్తోనే పెట్టు" అన్నాడు. పెనుకొండలో రైలాగితే టీ తెస్తానని దిగాడు.

ఆ పీట రాయికన్నా బరువుగా ఉంది. ఇదివరకు దాచింది తప్పు ఒక్కటే. ఇప్పుడు మోసం కూడా. కన్నీటిబొట్టు ఒకటి చెక్క మీద పడింది. కొంగుతో తుడిస్తే మరక పోలేదు. పీటలు తుడిచే గుడ్డ దొరుకుతుందేమోనని సీటు మీదున్న అతని తోలు సంచి తీసింది. ఇన్నేళ్లలో దాన్ని ముట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

భూతద్దం. టేపు. అడుగున మడిచిన మెత్తటి గుడ్డ.

గుడ్డలో ఏదో గట్టిగా తగిలితే విప్పి చూసింది.

మంటకు నల్లబడి, వంకర తిరిగిన ఇత్తడి బందు.