నీళ్లు పోసిన వరుస

దానిమ్మ ఆకు ఒక్కటి పసుపు తిరిగిందంటే చాలు, తోటాయనకు ఆ పూట ముద్ద దిగదు.

ఆయన తిరుగుడికి తోటలో గడ్డి కూడా మొలవడానికి జంకుతుందని భార్య ఎగతాళి.

ఈ ఏడు చెట్లకు చెట్లే వడలుతున్నాయి. వేళ్లకు బూజు పట్టిందన్నారు. ఉన్న ఆధారమల్లా ఆ తోటే. బూజుమందు రెట్టింపు కలిపించి, మొదళ్లలో పోయడానికి కొత్త కూలీని పెట్టుకున్నాడు.

కూలీ ముసలాయన. మాట తక్కువ. ప్రతి చెట్టు కిందా చిటికెడు మట్టి తీసి వాసన చూసేవాడు.

"మట్టిని ముక్కుపొడుంలా పీలుస్తావేంటయ్యా? కానీ, కానీ!" అని తొందరపెట్టేవాడు తోటాయన.

మూడోనాడు, చివరి వరుసలో తోటాయన బకెట్లోకి తొంగిచూశాడు. మందైతే పాలలా ఉండాలి. అడుగు కనిపిస్తోంది.

"నా చెట్లకు ఉత్త నీళ్లా?"

"ఈ ఒక్క వరుసే అయ్యా. దీన్ని వదిలేసి చూడండి. బూజుతో పాటు వేళ్లను సాకే సూక్ష్మజీవులూ చస్తున్నాయి."

"కూలికొచ్చి నాకే పాఠాలా? నడువ్! మళ్లీ గట్టు మీద కనబడ్డావో..."

"ఎందుకలా చేశాడో కాస్త వినొచ్చుగా," అంది భార్య.

"నువ్వూరుకోవే! చెట్లు చస్తుంటే కబుర్లేంటి?"

ముసలాయన బకెట్ కడిగి, బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ వరుసకూ మందు పోద్దామంటే, రెట్టింపు వాడకానికి డబ్బాలన్నీ ఖాళీ; మళ్లీ కొనడానికి చేతిలో పైసా లేదు.

రెండు నెలలు తిరిగేసరికి తోటంతా మోడువారింది. ఆ వరుస మాత్రం చిగురేసి, పూత పట్టింది.

తోటాయన ఆ వరుస మట్టి ఒక సంచిలో, మిగతా తోట మట్టి ఇంకో సంచిలో తీసుకుని పరీక్షల ఆఫీసుకు పరిగెత్తాడు. ఫలితం వచ్చేదాకా వరండాలో కాలు నిలవలేదు.

"ఈ సంచిలో మట్టి బతికే ఉంది. రెండోదాన్లో సూక్ష్మజీవులు దాదాపు లేవు," అంది పరీక్షలు చేసే అమ్మాయి. "మీకూ ఒక్క వరుసేనా మిగిలింది?"

"నీకెలా తెలుసమ్మా?"

"మీది పన్నెండో తోట. అందరూ ఆయన్ని తరిమేశాకే ఇక్కడికొస్తున్నారు."

"ఎక్కడుంటాడు తల్లీ? వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"పోయిన వారమే కన్నుమూశారండి."

తోటాయన బతికిన మట్టి సంచిని దగ్గరికి తీసుకున్నాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

"మా పాత ఆఫీసరుగారు. ముప్పై ఏళ్ల కిందట ఊరూరా తిరిగి, చెట్ల మొదళ్లలో బూజుమందు పోయడం మీ అందరికీ నేర్పింది ఆయనే."